సాంప్లర్ కొత్తగా కొన్నోళ్ళకి: ముందు లూపు కుదరనీండి, మిగతాది తర్వాత

కొత్త సాంప్లర్, అంటే సౌండ్లు రికార్డ్ చేసుకుని ప్యాడ్ల మీద వేలితో వాయించే మిషన్, ఇంటికొచ్చిన రోజు రాత్రి అందరం చేసే పని ఒకటే, డబ్బాలోంచి తీసి కంపెనీ వాళ్ళు అందులో వేసిచ్చిన డెమో సౌండ్లన్నీ ఒక్కో ప్యాడూ నొక్కి వింటాం, ఎఫెక్టులన్నీ తిప్పుతాం, ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్స్ తియ్యం. రెండో రోజు సొంతంగా ఏదో ఒకటి రికార్డ్ చేసి లూపు వేస్తాం, అంటే అదే ముక్క ఆగకుండా తిరిగేట్టు పెడతాం, నాలుగు చుట్లు తిరిగేసరికి అది కుంటినట్టు ఉంటది, ఎందుకు కుంటతా ఉందో అర్థం కాదు. మూడో వారానికి మిషన్ బీరువా మీదకి పోతది. కావలిలో, నెల్లూర్లో, ఒంగోల్లో నాకు తెలిసిన కుర్రోళ్ళవి మూడు మిషన్లు ఇట్టానే బీరువా ఎక్కినయ్, అవి దించాలనే ఇది రాస్తా ఉండా.

ముందు ఏది ఏందో చెప్పుకుందాం, ఎందుకంటే షాపులో అడిగేటప్పుడే చాలామంది కలిపేస్తారు. మన ఆర్కెస్ట్రాల్లో పుల్లలతో వాయించే ఆక్టోప్యాడ్ ఉంది చూడండి, అందులో ఎక్కువగా కంపెనీ ఇచ్చిన సౌండ్లే ఉంటయ్. సాంప్లర్ అంటే సౌండు మనం పెట్టుకునేది, మైకుతోనో ఫోన్‌లోంచో ఒక ముక్క తీసుకుని, కోసి, ప్యాడ్ మీద పెట్టి, వేలితో కొట్టి వాయిస్తాం. లూపర్ అంటే మనం వాయించింది వాయించినట్టు పట్టుకుని చుట్లు తిప్పతా ఉండేది, దాని మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి, ఎక్కువగా కాలితో నొక్కే పెడల్ రూపంలో ఉంటది. రెండింటికీ పునాది మాత్రం ఒకటే, చుట్టు ఎక్కడ మొదలయ్యి ఎక్కడ ముగుస్తుంది అన్నది.

ఏది కొనాలి అని అడిగేవాళ్ళకి ఎక్కువ చెప్పను. చేతిలో ఎంతుంటే అంత. టీనేజ్ ఇంజనీరింగ్ వాళ్ళ పీవో-33 క్యాలిక్యులేటర్ అంత ఉంటది, రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తది, లోపలే మైకు ఉంటది, మొత్తం మెమరీ 40 సెకన్లే. అదే కంపెనీది 2023లో వచ్చిన ఈపీ-133 అయితే వచ్చినప్పుడు 64 ఎంబీ. రోలాండ్ ఎస్‌పీ-404 ఎంకే2 2021లో వచ్చింది, 16 ప్యాడ్లు, పది బ్యాంకులు (ఒక్కో బ్యాంకు ఒక ప్యాడ్ల సెట్టు), అంటే ఒక ప్రాజెక్టులో 160 సాంపిల్స్, మనం తీసుకున్న ముక్కలు. 40 సెకన్లు ఏం సరిపోతయ్ అనుకోబాకండి. 1987లో వచ్చిన ఈ-మ్యూ ఎస్‌పీ-1200 మొత్తం కలిపి 10 సెకన్ల చిల్లరే పట్టేది, దాంట్లో ఇరికించడానికి 33 స్పీడ్ గ్రామఫోన్ రికార్డుని 45లో తిప్పి గబగబా ఎక్కించి, తర్వాత మిషన్లో పిచ్ (శ్రుతి) కిందకి దించి మామూలు స్పీడుకి తెచ్చుకునేవాళ్ళు, అట్టా తెచ్చినప్పుడు వచ్చిన గరగర శబ్దమే తర్వాత హిప్‌హాప్‌లో ఒక స్టైల్ అయ్యింది. కాబట్టి ఉన్న మిషన్‌తోనే మొదలు పెట్టండి.

ఇప్పుడు అసలు సంగతి. లూపు ఎందుకు కుంటతది?

ఆది తాళం వెయ్యండి. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. రికార్డ్ బటన్ మొదటి దెబ్బకి నొక్కినాం, బానే ఉంది. ఆపడం ఎప్పుడు నొక్కాలి? కొత్తవాళ్ళు నూటికి తొంభైమంది ఎనిమిదో దెబ్బ అవగానే నొక్కేస్తారు, ఎనిమిది అయిపోయిందిగా అని. అయిపోలా. ఎనిమిదో దెబ్బ పడినాక దాని వెనకాల ఖాళీ ఉంది చూడండి, ఆ ఖాళీ కూడా ఎనిమిదో దానిదే. ఆ ఖాళీ మొత్తం గడిచి తర్వాత ఆవర్తనంలో, అంటే తాళం తర్వాతి చుట్టులో, మొదటి దెబ్బ పడాల్సిన క్షణం వస్తదే, సరిగ్గా అప్పుడు నొక్కాలి. అంటే లెక్కలో "ఎనిమిది" దగ్గర కాదు, మళ్ళీ వచ్చే "ఒకటి" దగ్గర. ఇంట్లో భజన చేసేవాళ్ళు ఉంటే తాళాలు వాయించమని చెప్పి పక్కన కూర్చుని ప్రతి "ఒకటి"కి బల్ల మీద వేలు కొట్టండి, మిషన్ ఆన్ చెయ్యకుండానే, రోజుకి పది నిమిషాలు, నాలుగు రోజులు. నేను చెప్పే సలహాలన్నిటిలో ఇదొక్కటి పాటించి మిగతావి వదిలేసినా నాకు సంతోషమే.

ఎంత తేడా వస్తే చెవికి తెలుస్తదో ఒక లెక్క చూడండి. 96 బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు అన్నది) పెట్టుకున్నాం అనుకుందాం, ఒక్కో దెబ్బకి 60ని 96తో భాగిస్తే 0.625 సెకను, ఎనిమిది దెబ్బలకి సరిగ్గా 5 సెకన్లు. మీ లూపు 5 సెకన్లకి బదులు 4.95 ఉంది, 0.05 సెకను తక్కువ, ఒక్క చుట్టులో దాన్ని ఎవరూ కనిపెట్టలేరు. కానీ పక్కన ఇంకో మిషన్ నడస్తా ఉన్నా, తబలా మనిషి వాయిస్తా ఉన్నా, నిమిషానికి పన్నెండు చుట్లు, పన్నెండు సార్లు 0.05 అంటే 0.6 సెకను, దాదాపు ఒక పూర్తి దెబ్బ పక్కకి జరిగిపోయింది! నిమిషం కింద కలిసి ఉన్న ఇద్దరూ ఇప్పుడు ఒక దెబ్బ తేడాలో ఉంటారు, పాడే మనిషి యాడ అందుకోవాలో తెలియక మీ వైపు చూస్తాడు. అందుకని మిషన్లో సాంపిల్ పొడవు సెకన్లలో చూపించే స్క్రీన్ ఉంటే ఈ లెక్క వేసుకుని చివర సరిచేసుకోండి. 80 బీపీఎంకి ఎనిమిది దెబ్బలు 6 సెకన్లు, 120కి 4 సెకన్లు, ఈ మూడూ గుర్తుంటే మొదట్లో సరిపోతది.

ఇంకో చిక్కు, మిషన్లు ఎక్కువగా నాలుగు దెబ్బల బార్ లెక్కలో తయారైనవి. ఆది తాళానికి ఇబ్బంది లేదు, రెండు బార్లు. రూపకం ఆరు లెక్కకి వాయిస్తే ఒకటిన్నర బారు అవుతది, మిషన్ ఒప్పుకోదు, అప్పుడు రెండు ఆవర్తనాలు కలిపి పన్నెండు దెబ్బలు, మూడు బార్లు పెట్టుకోండి. మిశ్ర చాపు ఏడుకి అయితే నాలుగు ఆవర్తనాలు, ఇరవై ఎనిమిది దెబ్బలు, ఏడు బార్లు. ఖండం ఐదుకి ఐదు బార్లు. టైమ్ సిగ్నేచర్ (బారుకి ఎన్ని దెబ్బలు అన్నది) మార్చుకునే సదుపాయం కొన్ని మిషన్లలో ఉంటది, ఉంటే అదే వాడండి, లేకపోతే ఈ దారి.

లూపు కుదిరాక సౌండ్ల వేటకి పోదాం, నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. నెట్‌లో దొరికే డ్రమ్ ప్యాకులు అందరి దగ్గరా ఉంటయ్. మన దగ్గర ఉండేవి మన దగ్గరే ఉంటయ్. ఉదయగిరి చెక్క గరిటెలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూడండి, సన్నగా, పొడిగా, డ్రమ్ అంచుకి తగిలేట్టు కొట్టే రిమ్‌షాట్ లాగా వస్తది, చెంచా లోపలి గుంట మీద కొడితే ఒక శ్రుతి, కాడ మీద కొడితే ఇంకోటి. చీమకుర్తి వైపు ఎవరైనా తెలిసినోళ్ళు ఉంటే గ్రానైట్ సన్నటి పట్టీ ముక్క ఒకటి అడిగి తెచ్చుకోండి, నేల మీద పెట్టి కొడితే టక్కుమని చచ్చిపోతది, తాడు కట్టి వేలాడదీసి కొడితే గంట లాగా మోగతది. చేటలో బియ్యం పోసి చెరిగే చప్పుడు కన్నా మంచి షేకర్ నాకింకా దొరకలా. కారం దోశకి పెనం మీద నీళ్ళు చల్లినప్పుడు వచ్చే "సుయ్" ఉంది చూడండి, దాంట్లోంచి సెకనులో పదో వంతు ముక్క కోసి చివర గభాల్న తగ్గేట్టు పెడితే అచ్చం హైహ్యాట్, అదే డ్రమ్ సెట్లో కాలితో తెరిచి మూసే జంట తాళాలు. సుయ్ అనేది నాయిస్ (శ్రుతి లేని చప్పుడు), హైహ్యాట్ కూడా దాదాపు నాయిసే, పొట్టిగా కోసేసరికి చెవికి తాళంలా వినపడతది.

రికార్డ్ చేసేటప్పుడు లెవెల్ దగ్గర అందరూ పొరపాటు చేస్తారు. గట్టిగా ఎక్కాలని నాబ్ పూర్తిగా తిప్పేస్తారు, సౌండు పగిలిపోతది, ఒక్కసారి పగిలింది మళ్ళీ అతకదు. తక్కువ ఎక్కినా తర్వాత పెంచుకోవచ్చు. ఎంత గట్టిగా కొట్టినా మీటర్ పై గీతకి తగలకుండా కొంచెం కిందే, మైనస్ 6 నుంచి మైనస్ 12 డీబీ (డెసిబెల్) మధ్యలో ఆగేట్టు చూసుకోండి. కొట్టబోయే దెబ్బల్లో అన్నిటికన్నా గట్టిది ముందు కొట్టి చూసి నాబ్ పెట్టుకోవడం అలవాటు చేసుకోండి. మైపాడు బీచ్‌లో అల శబ్దం కోసం పోతే మైకులోకి అల కన్నా గాలి ఎక్కువ దూరతది, మైకుకి మందపాటి సాక్సు తొడిగి గాలికి వీపు పెట్టి నిలబడండి, పొద్దున్నే గాలి తక్కువున్నప్పుడు పోతే ఇంకా మేలు. ఇంట్లో అయితే ఫ్యాన్ ఆపండి, ఫ్రిజ్ చప్పుడు వినండి. మా ఇల్లు విజయవాడ-గూడూరు లైనుకి దగ్గర, కాబట్టి నేను రైలు పోయిందాకా ఆగి మొదలుపెడతా, ఒకరోజు ఆగకుండా తీసిన దాంట్లో గూడ్స్ రైలు చప్పుడు పడింది, అది పారెయ్యకుండా ఇంకో ప్యాడ్‌లో పెట్టుకున్నా, ఇప్పటికీ వాడతా ఉండా.

మైకు విషయం ఒక ముక్క. సాంప్లర్‌కి నేరుగా పెట్టడానికి మామూలు డైనమిక్ మైకు చాలు. కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (కేబుల్లోంచే మైకుకి అందే కరెంటు) కావాలి, ఎస్‌పీ-404 ఎంకే2 లాంటి వాటిలో అది రాదు, తెచ్చుకుని పని చెయ్యట్లేదని మైకుని అనుమానించబాకండి. ఫోన్ నుంచి తీసుకోవాలంటే ఒక వైపు 3.5 ఎంఎం స్టీరియో, ఇంకో వైపు రెండు పెద్ద మోనో పిన్నులు ఉండే కేబుల్ అడగండి, ఒకే పెద్ద పిన్ను ఉన్నది తెచ్చుకుంటే ఒక పక్కే వస్తది.

కొయ్యడం. సాంపిల్ మొదట్లో ఖాళీ ఉంటే మీరు సరిగ్గానే నొక్కినా దెబ్బ లేటుగా వినపడతది, కొత్తవాళ్ళు తమ చేతి మీద తప్పు వేసుకుంటారు, తప్పు చేతిది కాదు, స్టార్ట్ పాయింట్‌ది. స్క్రీన్‌లో అల బొమ్మని పెద్దది చేసి దెబ్బ లేచే చోటికి స్టార్ట్ తెచ్చి పెట్టండి. మరీ లోపలికి తెస్తే దెబ్బ ముక్కు తెగి మొద్దుగా అవుతది. మొదట్లోనో చివర్లోనో "టిక్" అని వస్తా ఉంటే అల గీత మధ్య గీతని దాటే చోట కొయ్యలేదని అర్థం, కొంచెం అటో ఇటో జరపండి, లేదా చిన్న ఫేడ్ (సౌండు మెల్లగా లేచి మెల్లగా తగ్గేట్టు) పెట్టండి. ఆ తర్వాత ప్యాడ్ తీరు: ఒకసారి కొడితే మొత్తం మోగేది వన్‌షాట్, వేలు ఉంచినంతసేపే మోగేది గేట్, తిరగతా ఉండేది లూప్. దెబ్బలకి వన్‌షాట్, గొంతుకీ హార్మోనియానికీ గేట్, ఇట్టా పెట్టుకుంటే ముప్పాతిక గందరగోళం పోతది. డప్పు వాయించేవాళ్ళని చూసే ఉంటారు, మోగే దెబ్బ కొట్టి వెంటనే అరచేత్తో మూసే దెబ్బ కొడితే మొదటిది ఆగిపోతది కదా, ఆ రెండు దెబ్బలూ రెండు ప్యాడ్లలో పెట్టి ఒకే మ్యూట్ గ్రూపులో వెయ్యండి, ఒకటి కొడితే రెండోది ఆగతది, అప్పుడు మనిషి వాయించినట్టు ఉంటది, లేకపోతే రెండు డప్పులు ఒకదాని మీద ఒకటి పడినట్టే ఉంటది.

శ్రుతి సంగతి మన లెక్కలోనే చెప్తా. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, నాలుగు ఎఫ్, ఐదు జి. ఐదు శ్రుతిలో తీసిన హార్మోనియం ముక్కని నాలుగు శ్రుతిలో పాడే మనిషికి పెట్టాలంటే రెండు సెమీటోన్లు (సెమీటోన్ అంటే హార్మోనియంలో పక్క మెట్టుకి ఉండే తేడా) కిందకి దించాలి. అయితే మామూలుగా పిచ్ దించితే స్పీడు కూడా తగ్గతది, పన్నెండు సెమీటోన్లు పైకి పోతే పొడవు సగం అయిపోతది. అందుకని ముందు పిచ్ సరిచేసి ఆ తర్వాతే లూపు పొడవు సరిచెయ్యండి, తిరగేసి చేస్తే రెండుసార్లు చెయ్యాల్సి వస్తది. స్పీడు మారకుండా పిచ్ మార్చే టైమ్ స్ట్రెచ్ ఉంటది గానీ ఒకటి రెండు సెమీటోన్లు దాటినాక గొంతు నీళ్ళలో మునిగినట్టు ఉంటది, నాకు నచ్చదు.

ప్యాటర్న్ (దెబ్బల వరస) వేసేటప్పుడు క్వాంటైజ్ అనేది ఉంటది, మనం కొట్టిన దెబ్బలని గళ్ళలోకి సర్దేస్తది. మొదట్లో ధైర్యం ఇస్తది నిజమే, కానీ డప్పు దరువు, పలకల దరువు అందులో వేస్తే ప్రాణం పోతది, ఎందుకంటే ఆ దెబ్బలు గళ్ళకి కొంచెం అటూ ఇటూ పడితేనే ఊపు. దానికోసమే స్వింగ్ పెట్టినారు, అంటే జంట దెబ్బల్లో రెండోదాన్ని కొంచెం లేటుగా పడేట్టు చెయ్యడం. 1988లో అకై కంపెనీకి ఎంపీసీ60 సాంప్లర్ తయారుచేసిన రోజర్ లిన్ అంతకుముందే తన డ్రమ్ మిషన్లలో దీన్ని తెచ్చినాడు. 50 శాతం దగ్గర దెబ్బలు సమానంగా ఉంటయ్, 66 దగ్గరకి పోతే తిస్రం నడక (మూడు లెక్క) వస్తది, మధ్యలో 54, 58 అట్టా తిప్పి చూడండి, ఒక చోట తల దానంతటదే ఊగడం మొదలవుతది, అక్కడ ఆపండి. ఇంకా మంచి పద్ధతి, తాళం పట్టే దెబ్బలు మాత్రం క్వాంటైజ్ చేసి, పైన పడే సన్న దెబ్బలు చేత్తో కొట్టినవి కొట్టినట్టు వదిలెయ్యడం.

రీసాంపిల్ అనే మాట మాన్యువల్లో చూసి భయపడి వదిలేస్తారు. ఏం లేదు, మీరు వాయిస్తా ఉన్నదాన్ని ఎఫెక్ట్‌తో సహా మిషన్ తనలో తానే రికార్డ్ చేసుకుని కొత్త ప్యాడ్‌లో పెట్టడం, అంతే. నాలుగు ప్యాడ్ల దరువు ఒక్క ప్యాడ్‌లోకి వచ్చేస్తది, మిగతా ప్యాడ్లు ఖాళీ, ఎఫెక్ట్ కూడా ఖాళీ, దాని మీద ఇంకోటి కట్టుకోవచ్చు. అయితే పాత ముక్కలు వెంటనే చెరపబాకండి, కలిపేసిన దాంట్లోంచి మళ్ళీ గరిటె చప్పుడు విడిగా తీయలేరు.

ఇక లూపర్ పెడల్. బాస్ కంపెనీ ఆర్‌సీ-1 లాంటి ఒక్క మీట పెడల్‌తో మొదలు పెట్టడం మంచిది, స్టీరియోలో 12 నిమిషాలు పడతది, అంత ఎవరికీ అక్కర్లేదు కూడా. ఒక నొక్కుకి రికార్డ్, మళ్ళీ నొక్కితే తిరగడం, మళ్ళీ నొక్కితే మీద ఇంకో పొర, వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ఆగడం, నొక్కి పట్టుకుంటే చివరి పొర పోవడం, చాలా పెడల్స్ దాదాపు ఇంతే. మడమ నేలకి ఆనించి ముందు పాదంతో నొక్కండి, కాలు మొత్తం ఎత్తి వేస్తే ప్రతిసారీ లేటే. మొదటి పొర మెత్తగా వాయించండి, పొరలు పెరిగే కొద్దీ సౌండు కూడుకుంటా పోతది, మొదటిదే గట్టిగా ఉంటే నాలుగో పొరకి అంతా పగిలిపోద్ది. ఇంకొకటి, అన్ని పొరలూ బరువుగా ఉంటే బురద అవుతది, అడుగు సౌండు ఒక్క పొరకే ఇచ్చి మిగతావాటికి బాస్ తగ్గించుకోండి. మూడు పొరలు అయినాక చేతులు తీసేసి రెండు చుట్లు వినడం నేర్చుకోండి, నాలుగోది కావాలా వద్దా లూపే చెప్తది.

ఊళ్ళో తిరునాళ్ళలోనో గుడి దగ్గరో మైకుసెట్టుకి పెట్టి వాయించే అవకాశం వస్తే రెండు సంగతులు. హారన్ మైకుల్లో అడుగు సౌండు పలకదు, హెడ్‌ఫోన్‌లో గుండె అదిరిన కిక్ (పెద్ద డ్రమ్ అడుగు దెబ్బ) అక్కడ "టప్" కూడా అనదు, అందుకని ప్రతి అడుగు దెబ్బకీ తోడుగా గరిటె లాంటి గట్టి సౌండు ఒకటి కలిపి పెట్టుకోండి. రెండు, ఆ సెట్లు ఎక్కువగా మోనో, ఇంట్లోనే ఒకసారి మోనోలో విని చూడండి, స్టీరియోలో వెడల్పుగా వినపడిన కొన్ని సౌండ్లు మోనోలో సన్నగిల్లిపోతయ్. అడాప్టర్ పెడితే "గూం" అని హమ్ వస్తా ఉంటే బ్యాటరీల మీద నడపండి, 404 ఎంకే2కి ఆరు ఏఏ బ్యాటరీలు పడతయ్. పవర్ బ్యాంకుతో నడిపేవాళ్ళు ముందు ఒక గంట ఇంట్లో నడిపి చూడండి, మిషన్ లాగే కరెంటు తక్కువని కొన్ని పవర్ బ్యాంకులు మధ్యలో వాటంతటవే ఆగిపోతయ్. సముద్రం పక్కన ఊళ్ళల్లో ఉండేవాళ్ళు, మైపాడు అయినా కొత్తపట్నం అయినా, వాడాక పక్కన పడెయ్యకుండా మూత డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి, ఉప్పు గాలికి జాక్‌లు చిలుం పడతయ్, నాబ్ తిప్పితే కరకర మొదలవుతది.

సినిమా పాటల ముక్కలు కోసి నేర్చుకోవడం ఇంట్లో ఎవరైనా చేసేదే, కానీ బయట పెట్టాలంటే పాట కట్టినవాళ్ళ హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ హక్కు ఇంకోటి, రెండు అనుమతులూ కావాలి. చేటలో బియ్యానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

చివరగా సేవ్. పోయిన ఏడాది మా మేనమామ పలకల దరువు రెండు గంటలు కూర్చోబెట్టి తీసుకున్నా, ప్రాజెక్ట్ సేవ్ చెయ్యకుండా బ్యాటరీలు మార్చా, మొత్తం పోయింది, ఆయనకి భుజం నొప్పి, మళ్ళీ అంతసేపు వాయించలేడు. ఆ రోజు నుంచి ఏదైనా తియ్యగానే సేవ్, రాత్రికి ఎస్‌డీ కార్డులోకి ఒక కాపీ, ఆదివారం కంప్యూటర్‌లోకి ఇంకో కాపీ. పేర్లు కూడా మిషన్ ఇచ్చిన నంబర్లతో వదలకుండా "మైపాడు అల పొద్దున", "మామ పలక మూసిన దెబ్బ 96" అని పెట్టుకుంటా, చివర ఆ నంబరు బీపీఎం. మామ వచ్చే నెల ఊరికి వస్తానన్నాడు, ఈసారి ఒక్కో దెబ్బ విడిగా, పది నిమిషాలకి ఒకసారి ఆపి కాఫీ ఇచ్చి, తీసింది తీసినట్టు సేవ్ చేసుకుంటా తియ్యాలని రాసి పెట్టుకున్నా.